మదర్‌బోర్డు ఇంకా తేలలేదు

జూన్ 4

తమ్ముడు ఈ రోజు తనంతట తనే వంటగదిలోకి వచ్చాడు. నేను గిన్నెలు కడుగుతున్నాను. పక్కన నిలబడి ఒక గిన్నె తీసి, తుడిచి బోర్లించాడు. ఇంకొకటి తుడిచాడు. ఏమిటని అడగాలని నోటిదాకా వచ్చింది, అడగలేదు.

"అక్కా, పొడుగాయన ఫోన్ చేశాడు" అన్నాడు.

పొడుగాయన వాడు ఇంతకుముందు పనిచేసిన సినిమా గ్రాఫిక్స్ స్టూడియోలో పైఅధికారి. ఇప్పుడు వేరే ఊళ్ళో సొంతంగా చిన్న స్టూడియో పెట్టుకున్నాడు.

"ఓడరేవు మ్యూజియం వాళ్ళకి ఎప్పటిదో తుఫాను ఒకటి తెర మీద చూపించాలట. సముద్రం నన్ను చెయ్యమంటున్నాడు."

లోకంలో ఎవరినైనా కుర్చీ చెయ్యమంటారు, చొక్కా కుట్టమంటారు. మా వాడిని సముద్రం చెయ్యమంటారు. కంప్యూటర్‌లో నీళ్ళు పుట్టించడమే వాడి పని. మా ఆయన వాడికి పెట్టిన పేరు నీళ్ళబాబు.

"నీకు మందులిచ్చే డాక్టరమ్మ ఏమంది?"

"నెమ్మదిగా మొదలుపెట్టమంది. మిషన్‌కి అన్నీ ఉన్నాయక్కా. ప్రాసెసర్, మెమరీ, గ్రాఫిక్స్ కార్డు, అన్నీ నీ బీరువా మీదే ఉన్నాయిగా. మదర్‌బోర్డు ఒక్కటే లేదు. అది నువ్వు ఎంచు."

"నాకేం తెలుసురా?"

"తెలియకపోవడమే మంచిది. నేను మాత్రం మళ్ళీ ఆ బోర్డులమ్మే పేజీలు తెరవను."

ఇంకేం అనగలను? సరేనన్నాను. వాడు మిగతా గిన్నెలు కూడా తుడిచి పెట్టాడు.

జనవరిలో, వాడు ఒంటరిగా ఉంటున్న అద్దె గది తలుపు తీయించిన రోజు గురించి ఇక్కడ రాయనని అనుకున్నాను. రాయను. పెట్టెలు. అన్నీ మదర్‌బోర్డు పెట్టెలు. ఒక్కటీ విప్పలేదు. వాటి మధ్య నేల మీద కూర్చుని, ఏది మంచిదో ఇంకా చూసుకుంటూ ఉన్నాడు. తిండి తిన్నట్టు లేదు. నన్ను చూసి "ఇంకొక్కటి చూస్తే తేలిపోతుందక్కా" అన్నాడు.

ఆ పెట్టెలన్నీ షాపుకి తిరిగి చేర్చింది నేనే.

జూన్ 5

ఆసుపత్రిలో మధ్యాహ్నం ఖాళీ దొరికితే ఫోన్‌లో చదివాను. అంత కష్టమేమీ కాదు. కంప్యూటర్ భాగాలన్నీ కూర్చునే పెద్ద పలక ఈ మదర్‌బోర్డు. ప్రాసెసర్ కూర్చునే చోటు సాకెట్. సాకెట్ సరిపోకపోతే మొదటికే మోసం. వాడి దగ్గరున్న ప్రాసెసర్‌కి సరిపోయేవి చాలానే ఉన్నాయి. వాటిలో రెండు పక్కన పెట్టుకున్నాను. ఒకటి నల్లది, ఒకటి బూడిద రంగుది.

వాడి పనిలో ఒక అల తయారవ్వాలంటే మిషన్ రాత్రీ పగలూ ఆగకుండా లెక్క కడుతూ ఉండాలి. అంతసేపు ప్రాసెసర్‌కి కరెంటు నిలకడగా అందించేది బోర్డే. ఆ భాగాలు నాసిగా ఉంటే వేడెక్కి వేగం తగ్గిపోతుందట. బూడిదది ఆ విషయంలో గట్టిది. కానీ దానికి రెండో స్టోరేజీ డిస్కు తగిలిస్తే గ్రాఫిక్స్ కార్డుకి డేటా వెళ్ళే దారి సగమైపోతుంది. నల్లదానికి ఆ గొడవ లేదు.

నల్లదే అనుకుంటున్నాను. ఇంకొంచెం చూసి చెబుతాను.

జూన్ 7

రేపు తేల్చేస్తాను.

జూన్ 8

మోకాలు మార్పించుకున్న టీచరమ్మ ఈ రోజు నా దగ్గరికి ఫిజియోథెరపీకి వచ్చింది. ఆవిడ భర్త ఒక్క అడుగు కూడా ఆవిడని వదలడు. జబ్బ పట్టుకుని, నడుం పట్టుకుని, ఆవిడకంటే ముందు తనే పడేలా ఉన్నాడు. రెండుసార్లు మెల్లగా చెప్పాను. మూడోసారి గొంతు పెరిగింది.

"మీరు వదలండి సార్. మీరలా పట్టుకున్నంతకాలం ఆవిడ కాలు బరువు తీసుకోదు."

"పడితే మీరు బాధ్యత తీసుకుంటారా?" అన్నాడాయన.

"తీసుకుంటాను. వెళ్ళి ఆ బల్ల మీద కూర్చోండి."

పెద్ద డాక్టర్‌కి ఫిర్యాదు చేశాడట. ఆయన నన్ను పిలిచి, ఈ మధ్య నీకు చిరాకెక్కువైంది, సెలవు పెట్టుకోమన్నారు. నాకేం చిరాకు లేదు.

ఆ నల్ల మదర్‌బోర్డు గురించి ఇంటర్నెట్‌లో ఎవరో రాశారు, కొన్న నెలకే పాడైందని. ఒక్కరే రాశారు. కానీ రాశారు కదా.

జూన్ 10

వాడు ఒంటరిగా బయటికి వెళ్ళాడు, మా ఇంటికి వచ్చాక మొదటిసారి. "కాస్త తిరిగొస్తా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నాకూ ఆ వైపే మందుల షాపులో పనుంది. అందుకే వెళ్ళాను.

మలుపు దగ్గర నీళ్ళ పైపు పగిలి వీధంతా పారుతోంది. జనం చీరలూ ప్యాంట్లూ ఎత్తి పట్టుకుని తిట్టుకుంటూ దాటుతున్నారు. వాడొక్కడూ గట్టు మీద గొంతుక్కూర్చుని నీళ్ళకేసి కన్నార్పకుండా చూస్తున్నాడు. ఆ ఆఖరి సినిమాలో వరద చేస్తున్నప్పుడే కదా వాడికి నిద్ర కరువైంది! చేసిన వరదంతా మిషన్ ఆగిపోయి గాల్లో కలిసింది. తప్పు మిషన్‌దని వాడు, నీదని స్టూడియో వాళ్ళు. అప్పట్నుంచే కదా ఇదంతా.

స్తంభం వెనక నిలబడ్డాను. వాడు లేచి ఇంటి దారి పట్టాక, వేరే సందులోంచి వాడికంటే ముందు చేరాను.

భోజనం దగ్గర అన్నాడు. "నీళ్ళు గుంతలోంచి పైకి లేచేటప్పుడు అంచు లోపలికి ముడుచుకుంటోంది. చూశావా?"

"నేనెక్కడ చూశాను?"

"స్తంభం దగ్గర్నుంచి కనిపించదులే. కొంచెం ముందుకి రావాల్సింది."

మా ఆయన కంచంలోకి చూస్తూ నవ్వాపుకున్నాడు. నేను కూర తేవడానికి లేచాను. కూర బల్ల మీదే ఉంది.

జూన్ 13

నల్లబోర్డు ఆర్డర్ పెట్టాను. వాడు ఎప్పుడూ కొనే షాపులోనే, వాడి ఖాతాలోంచే. అయిపోయింది. ఇంత చిన్న పనికి ఇన్నాళ్ళు చేశాను.

జూన్ 16

బోర్డు వచ్చింది. వాడు స్నానానికి వెళ్ళాడు. పెట్టె ఒక మూల నలిగినట్టుంది. విప్పకుండానే తెచ్చినవాడి చేత వెనక్కి పంపేశాను. నలిగిన పెట్టెలో సున్నితమైన వస్తువు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? రేపు పని మధ్యలో పాడైతే మాట పడేది వాడే. ఫొటో తీసి పెట్టాను, షాపు వాళ్ళు అడిగితే చూపించడానికి.

"వచ్చిందా?" అని అడిగాడు తల తుడుచుకుంటూ. ఇంకా రాలేదన్నాను.

జూన్ 17

మా ఆయన అట్టపెట్టెల ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్. పొద్దున టీ తాగుతూ నా ఫోన్‌లో ఆ ఫొటో చూశాడు.

"దీనికేమైంది?"

"మూల నలిగింది. తిప్పి పంపాను."

ఫొటో పెద్దది చేసి చూశాడు. "ఇది నలగడం కాదే. అతికించేటప్పుడు జిగురెక్కువై ఉబ్బింది, అంతే. మా దగ్గర రోజూ వందల్లో వస్తాయి ఇలాంటివి."

"మీకు పెట్టెల సంగతి తెలుసు. లోపలున్న దాని సంగతి తెలుసా?"

"నీకు తెలుసా? విప్పలేదుగా."

ఆయన టీ గ్లాసు పట్టుకుని లేస్తూ, "పేరులోనే మదర్ ఉంది మరి, దిగులు ఉండకుండా ఎలా ఉంటుందిలే" అన్నాడు. ఆయనకి అన్నీ వేళాకోళమే.

జూన్ 20

ఈసారి బూడిదది ఆర్డర్ పెట్టాను. మధ్యాహ్నం మళ్ళీ చదివితే గ్రాఫిక్స్ కార్డు దారి సగమయ్యే సంగతి మనసు తొలిచేసింది. రద్దు చేశాను. తెలిసి తెలిసి తప్పు వస్తువు కొనలేం కదా.

పొడుగాయన వాడికి రోజూ ఫోన్ చేస్తున్నాడు. గది తలుపు వేసుకుని మాట్లాడుకుంటారు. నవ్వు వినిపించింది ఒకసారి.

జూన్ 21

వాడు తిన్నాడు, పడుకున్నాడు, మందు వేసుకున్నాడు. ఇక్కడ బాగానే ఉన్నాడు.

జూన్ 23

సాయంత్రం నేను వచ్చేసరికి వరండాలో కూర్చుని ఉన్నాడు. చెప్పులు విప్పనివ్వలేదు.

"అక్కా, షాపావిడ ఫోన్ చేసింది."

"ఏ షాపావిడ?"

"బోర్డులమ్మే ఆవిడ. ఖాతా నాది కదా, నంబరూ నాదే. ఒంట్లో ఎలా ఉంది బాబూ అని అడిగింది. తిప్పి పంపిన బోర్డు బాగానే ఉందట. రెండోది రద్దయిందట. మళ్ళీ మొదలైందా బాబూ అంది. పాపం, భయపడింది."

చెప్పుల పట్టీ చేతిలోనే ఉండిపోయింది. "నువ్వేమన్నావు?"

"అవునండీ, అదంతా నేనే చేశానని చెప్పాను. నేనంటే ఆవిడకి అలవాటేగా."

అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

"పెట్టె నలిగిందిరా..."

"ఇంతకీ ఏది బాగుందక్కా? నిజం చెప్పు."

"నల్లది."

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే."

వాడు కోప్పడలేదు. కోప్పడితే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. నెమ్మదిగా, లెక్క సరిచూసుకుంటున్నవాడిలా అడిగాడు. "నేను మళ్ళీ పని చేస్తే నీకేంటక్కా భయం?"

అప్పుడు అరిచాను. ఎదురింటి వాళ్ళ కిటికీ తెరుచుకుంది, అయినా అరిచాను. "ఆ గదిలో నిన్ను చూసింది నేనురా! నువ్వు చూళ్ళేదు నిన్ను. ఆ కళ్ళు నువ్వు చూళ్ళేదు. ఇంకొక్కటి చూస్తే తేలిపోతుందక్కా అన్నావు, గుర్తుందా? గడ్డం నిండా... నిన్ను ఎత్తుకుని కింద దాకా మోసింది ఎవరనుకున్నావు, మీ బావా నేనూ!"

"నిజమే. నేను చూళ్ళేదు" అన్నాడు. "ఒక పని చెయ్యి. నాతో షాపుకి రా. నేనే కొంటాను. ఎలా ఉంటానో ఇద్దరం చూద్దాం."

జూన్ 24

రాయాలని లేదు. రాయడానికి లేక కాదు.

జూన్ 26

సెలవు పెట్టి వాడితో వెళ్ళాను. సందులో రెండో అంతస్తు మీద షాపు. మెట్ల మీదంతా ఖాళీ అట్టపెట్టెలు. షాపావిడ నడివయసు మనిషి, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దానికోసమే వెతుక్కునే రకం. వాడిని చూడగానే లేచి నిలబడింది. "బాబూ, చిక్కిపోయారు" అని, నాకు కుర్చీ వేసింది.

"నల్లది ఇవ్వండి" అన్నాడు. గొంతు బాగానే ఉంది. ఆవిడ పెట్టె తెచ్చింది. వాడు విప్పి, బోర్డుని అంచులు పట్టుకుని దీపం కిందకి తీసుకెళ్ళాడు. ఏదో చూశాడు. ఇంకా చూశాడు.

"దీనికంటే పైది ఉందా? ఒకసారి చూపిస్తారా?"

ఆవిడ నాకేసి చూసింది. నేను గోడకేసి చూశాను. పైది తెచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టాడు. వేలితో ఒక్కో భాగం తడుముతూ పెదాలు కదిపాడు. "ఆ బూడిదది కూడా ఓసారి..." అన్నాడు. కాలు ఊగడం మొదలైంది. కుడికాలు. ఆ గదిలో కూడా అలాగే ఊగుతూ ఉంది.

లేవాలి. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోవాలి. ఒళ్ళంతా అదే చెబుతోంది. చెప్పానా, చూశావా అనాలని నాలుక చివర ఉంది. కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను, గోళ్ళు నొప్పి పుట్టేదాకా. ఎందుకు లేవలేదో ఇప్పటికీ తెలియదు. బహుశా ఈసారి నేను ఎత్తుకుపోతే వాడు ఇంకెప్పుడూ నా చంక దిగడనిపించిందేమో.

బల్ల మీద పెట్టెలు పెరిగాయి. వాడు హఠాత్తుగా చేతులు రెండూ పైకి తీసేశాడు, పొయ్యి తగిలినట్టు. "ఒక్క నిమిషమండీ" అని బయటికి వెళ్ళాడు. తలుపు సందులోంచి వాడి వీపు కనిపిస్తోంది. మెట్ల మీద, ఆ అట్టపెట్టెల పక్కన కూర్చున్నాడు. షాపావిడా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ నెత్తి మీదే పెట్టుకుంది.

తిరిగొచ్చేసరికి మొహం కడుక్కుని ఉన్నాడు. కాలర్ తడిసింది.

"నల్లదే ఇవ్వండి. మిగతావి లోపల పెట్టెయ్యండి, నాకు కనబడకుండా."

"పెట్టె మార్చి ఇవ్వనా బాబూ?"

"అక్కర్లేదు. మూలలు చూడ్డానికి మా అక్క ఉందిగా."

ఆవిడకి అర్థం కాలేదు. నాకు నవ్వొచ్చింది, ఆగలేదు, కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి.

బస్సులో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "అప్పుడు నేను వెతికింది మంచి బోర్డు కోసం కాదక్కా. మళ్ళీ ఏదైనా పోతే తప్పు నాది కాదని చెప్పే బోర్డు కోసం. అలాంటిది ఎవరూ చెయ్యరు."

జూన్ 27

భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి కూర్చున్నాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. మా ఆయనకి మరలు అందించే ఉద్యోగం ఇచ్చాడు. ఆయన దర్జాగా పళ్ళెంలో పెట్టి అందించాడు.

ప్రాసెసర్‌ని సాకెట్‌లో దించేటప్పుడు వాడి చేతులు చూశాను. మూల మీద బాణం గుర్తు కలిపి వదిలాడు, నొక్కలేదు. "దాని బరువుకి అదే కూర్చుంటుంది" అన్నాడు. దాన్ని బిగించే లివర్ దించుతుంటే కరకరమంది. నేను కళ్ళు మూసుకున్నాను. "ఆ చప్పుడు మామూలే" అన్నాడు.

అన్నీ బిగించి, తెర తగిలించి, మీట నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉంది. బోర్డు మీద ఒక చిన్న దీపం పసుపుపచ్చగా వెలిగి అలాగే ఉండిపోయింది. అంతే.

"ఏమైంది?" అన్నాను.

"ఏం కాలేదు."

"బొమ్మ రావట్లేదుగా. ఆపెయ్యి. ఏదో కాలిపోతోందేమో, ఆపెయ్యరా." నా చెయ్యి అప్పటికే ప్లగ్గు దగ్గరుంది.

వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు. "మొదటిసారి మెమరీని పరిచయం చేసుకుంటుందక్కా. ఎంత వేగంతో మాట్లాడితే తడబడకుండా ఉంటుందో ఒక్కొక్కటీ వేసి చూసుకుంటుంది. అప్పటిదాకా తెర నల్లగానే ఉంటుంది. జనం కంగారుపడి మధ్యలో ఆపేస్తారు. ఆపితే మళ్ళీ మొదట్నుంచి."

"ఎంతసేపు?"

"దాని ఇష్టం."

కూర్చున్నాం. మా ఆయన పళ్ళెం పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను తెరని చూడలేక వాడి మొహం చూశాను. వాడికి భయంగానే ఉంది. నుదుటి మీద చెమట పట్టింది. భయపడుతూనే ఊరుకుని కూర్చున్నాడు. అలా కూర్చోవడం వాడు ఎప్పుడు నేర్చుకున్నాడో, మా ఇంట్లో ఏ గదిలో నేర్చుకున్నాడో నాకు తెలియదు. రోజూ చూస్తూనే ఉన్నాను, చూడలేదు.

తెర వెలిగింది. తెల్లని అక్షరాలు. వాడు ఊపిరి వదిలి నా మణికట్టు వదిలాడు.

"బావా, టీ" అన్నాడు.

జూలై 9

తెర మీద ఒక దోసెడు సముద్రం. అంతకంటే ఎక్కువ లేదు. కానీ అల విరిగేచోట అంచు లోపలికి ముడుచుకుంటోంది. నిజంగానే ముడుచుకుంటోంది.

జూలై 15

ఈ రోజు తలుపు వేసుకుని పొద్దుణ్ణుంచీ తీయలేదు. రాత్రి తెల్లవార్లూ చేసిందంతా పాడైందట, మళ్ళీ మొదలుపెట్టాలట. తలుపు దగ్గర నిలబడ్డాను. కొట్టబోయాను. మా ఆయన హాల్లోంచి "ఏం చేస్తున్నావు?" అన్నాడు. తలుపు మీద దుమ్ము తుడుస్తున్నానన్నాను. నిజంగానే తుడిచాను. సాయంత్రం వాడే వచ్చి, "ఆకలేస్తోందక్కా" అన్నాడు.

జూలై 27

వాడు వెళ్ళిపోతున్నాడు. పొడుగాయన ఊళ్ళో గది దొరికింది. అక్కడ పక్కన మనుషులుంటే పని బాగా సాగుతుందట. డాక్టరమ్మ ఒప్పుకుంది. మందులు అక్కడి డాక్టర్ చూస్తారు. నన్ను అడగలేదు, చెప్పాడు.

మిషన్‌ని దుప్పట్లలో చుట్టి వ్యాన్‌లో పెట్టాం. గ్రాఫిక్స్ కార్డు కుదుపులకి ఊడుతుందని విడిగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వ్యాన్ కదలబోతుంటే కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాను. మధ్యలో నువ్వు చెయ్యకు. అలల మధ్యలో ఉంటాను, వినిపించదు."

"చెయ్యను. నాకేం పని లేదా?"

వ్యాన్ మలుపు తిరిగింది. మా ఆయన లోపలికి వచ్చి, "నీళ్ళబాబు లేకపోతే ఇల్లు ఎండిపోయినట్టుంది" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు, కానీ తనే నవ్వలేదు.

ఆగస్టు 3

ఫోన్ చేశాడు. తిన్నాడట. తుఫానులో పడవ ఒకటి కూడా ఉంటుందట, దాన్ని ముంచాలా వద్దా అని మ్యూజియం వాళ్ళు తేల్చుకోలేకపోతున్నారట. "ముంచకురా" అన్నాను. నవ్వాడు.

ఆగస్టు 5

పొద్దున ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. కింద పెట్టాను. మళ్ళీ తీసుకున్నాను. గొంతు విని పెట్టేస్తే చాలనిపించింది. ఇంట్లోనే వదిలేసి ఆసుపత్రికి వెళ్ళాను.

సాయంత్రం వచ్చాక ముందు కాళ్ళు కడుక్కున్నాను. టీ పెట్టుకున్నాను. కూర్చుని తాగాను. అప్పుడు ఫోన్ చూశాను.

రాలేదు. ఎందుకు వస్తుంది? ఆదివారం చేస్తానన్నాడు. ఈ రోజు ఇంకా మంగళవారమే.